22 ఏళ్ల సర్వీసు, ఎనిమిదేళ్ల పెన్షన్: అమెరికా రిజర్వు సైనికుడి లెక్క ఎలా తేలుతుంది

అమెరికాలో మాజీ సైనికుల గురించి చదువుతుంటే ఇలాంటి వాక్యం తరచూ తగులుతుంది: "కొన్నేళ్లు నేవీ సబ్‌మెరైన్లలో, ఆ తర్వాత కోస్ట్ గార్డ్ రిజర్వులో, మొత్తం 22 ఏళ్ల సర్వీసు." మనవాళ్లు అది చదవగానే ఒక లెక్క వేసేసుకుంటారు. మన నేవీలో సెయిలర్‌కి 15 ఏళ్లు నిండితే పెన్షన్ వస్తుంది, ఈయన ఏకంగా 22 ఏళ్లు చేశాడు, ఇంకేం, రిటైరైన నెల నుంచే పెన్షన్ తీసుకుంటూ ఉంటాడని. తీరా కాగితాలు తీసి చూస్తే ఆయన నిజంగా యూనిఫాం వేసుకున్న రోజులన్నీ కలిపినా ఆరున్నరేళ్లు దాటవు, పెన్షన్ మొత్తం ఎనిమిదేళ్ల సర్వీసు మీద కడతారు, అది కూడా 60 ఏళ్లు వచ్చేదాకా చేతికి రాదు.

ఇందులో మోసం లేదు, లేనిపోని గొప్పలూ లేవు. రిజర్వులో ఉండే పార్ట్‌టైమ్ సైనికుడి కాలాన్ని అమెరికా ప్రభుత్వం ఒక్క లెక్కతో కొలవదు, అంతే. క్యాలెండర్ ప్రకారం ఎన్నేళ్లు, పెన్షన్‌కి అర్హత తెచ్చే ఏళ్లు ఎన్ని, పెన్షన్ మొత్తాన్ని తేల్చే ఏళ్లు ఎన్ని, చట్టం దృష్టిలో ఆయన వెటరనా (మాజీ సైనికుడా) కాదా, ఈ నాలుగూ వేర్వేరు ప్రశ్నలు, వేర్వేరు జవాబులు. సబ్‌మెరైన్ నుంచి కోస్ట్ గార్డ్ రిజర్వుకి వెళ్లిన మనిషిని తీసుకుంటే ఈ చిక్కుముళ్లన్నీ ఒకేచోట దొరుకుతాయి. మారింది ఆయన యూనిఫాం ఒక్కటే కాదు, మంత్రిత్వ శాఖ మారింది, వర్తించే చట్టం మారింది, చివరికి పెన్షన్ పంపే ఊరు కూడా మారింది.

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లకి ఇది మరీ దూరపు సంగతేం కాదు. టీమ్‌లో ఒకాయన ఏటా రెండు వారాలు మిలటరీ లీవ్ అని పెట్టి మాయమవుతుంటాడు, ఒక్కోసారి నెలల తరబడి వెళ్తాడు. మేనేజర్‌గా ఉన్న మనవాళ్లకి ఆ సెలవు కాదనొచ్చా అనే డౌట్ వస్తుంది. కుదరదు. 1994లో వచ్చిన యూసెర్రా అనే చట్టం ప్రకారం అలా వెళ్లొచ్చిన మనిషికి ఆయన ఉద్యోగం ఆయనకి ఇవ్వాల్సిందే, మధ్యలో రావాల్సిన సీనియారిటీతో సహా. దీనికి మొత్తం మీద ఐదేళ్ల పరిమితి ఉంది కానీ నెలనెలా చేసే డ్రిల్స్, ఏడాదికోసారి ట్రైనింగ్ అందులోకి రావు. ఇక హైస్కూల్లో చదివే పిల్లలకి రిక్రూటర్ల ఫోన్లు రావడం, అమ్మానాన్నలకి టెన్షన్ మొదలవడం చాలా ఇళ్లలో జరిగేదే. గ్రీన్‌కార్డు ఉన్నా కోస్ట్ గార్డ్‌లో సెయిలర్‌గా చేరొచ్చు, సబ్‌మెరైన్‌కి మాత్రం పౌరసత్వం ఉండి తీరాలి.

నీళ్ల కింద రోజులు

సబ్‌మెరైన్ భాగం లెక్కకి తేలిక, బతుక్కి కష్టం. అది పూర్తికాలం ఉద్యోగం, యాక్టివ్ డ్యూటీ. అమెరికా నేవీలో ఎవర్నీ బలవంతంగా సబ్‌మెరైన్‌కి పంపరు, ఇష్టపడి అడిగినవాళ్లే వెళ్తారు. కనెక్టికట్‌లోని గ్రాటన్‌లో సబ్‌మెరైన్ స్కూలు. అక్కడి నుంచి బోటు ఎక్కాక (సబ్‌మెరైన్‌ని వాళ్లు షిప్ అనరు, బోటనే అంటారు) అసలు చదువు మొదలవుతుంది. వంటవాడైనా సరే, సోనార్ చూసేవాడైనా సరే, బోటులో ప్రతి వ్యవస్థా తెలిసుండాలి. హై ప్రెషర్ గాలి పైపు ఎక్కడినుంచి ఎక్కడికి పోతుంది, ఏ వాల్వ్ ఎక్కడుంది, మంటలొస్తే ఏం చేయాలి, నీళ్లు లోపలికి వస్తే చీకట్లో తడుముకుంటూ ఎటు వెళ్లాలి, ఇవన్నీ ఒక్కొక్కటిగా నేర్చుకుని, ఒక్కొక్క సీనియర్ ముందు ఒప్పజెప్పి, కార్డు మీద సంతకాలు చేయించుకోవాలి. ఈ సంతకాలు పూర్తి కావడానికి దాదాపు ఏడాది పడుతుంది. వెనకబడ్డవాడికి ఖాళీ టైములో తోటివాళ్లతో కూర్చుని సినిమా చూసే యోగం కూడా ఉండదు. చివర్లో ఒక బోర్డు ముందు కూర్చుని ప్రశ్నలకి జవాబులు చెప్పి నెగ్గితే ఛాతీ మీద డాల్ఫిన్ల బ్యాడ్జి పెడతారు, సెయిలర్లకి వెండి రంగుది, ఆఫీసర్లకి బంగారు రంగుది.

విశాఖ ఆర్కే బీచ్‌లో ఐఎన్ఎస్ కురుసుర లోపలికి వెళ్లొచ్చినవాళ్లకి ఆ ఇరుకు కొంత తెలుసు. 1969 నుంచి 2001 దాకా పనిచేసి 2002లో మ్యూజియంగా మారిన ఆ సోవియట్ బోటు పొడవు 91 మీటర్లు. అమెరికా ఒహాయో తరగతి అణు సబ్‌మెరైన్లు దాదాపు 170 మీటర్లు, లోపల కాస్త మెసలడానికి చోటుంటుంది. కానీ క్షిపణులు మోసే ఆ బోట్లు ఒకసారి మునిగితే రెండున్నర నెలల దాకా అటే. ఒక్కో బోటుకి బ్లూ, గోల్డ్ అని రెండు సిబ్బంది బృందాలుంటాయి, ఒకరు ఒడ్డున ట్రైనింగ్‌లో ఉంటే ఇంకొకరు సముద్రంలో ఉంటారు. ఈమెయిల్ రాకముందు రోజుల్లో ఇంటివాళ్లు ఫ్యామిలీగ్రామ్ అనే నాలుగు ముక్కల సందేశం పంపేవాళ్లు. బోటు నుంచి జవాబు ఉండేది కాదు, రేడియో ప్రసారం చేస్తే బోటు జాడ బయటపడిపోతుంది కాబట్టి.

ఇలా నీళ్ల కింద గడిపిన ఒక రోజుకి రిజర్వు పెన్షన్ లెక్కలో వచ్చేది ఒక్క పాయింటు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనితో పనుంది.

మొదటిసారి చేరే ప్రతివాడూ చట్టప్రకారం ఎనిమిదేళ్లకి కట్టుబడతాడు. నాలుగేళ్ల కాంట్రాక్టు అని రిక్రూటర్ చెప్పేది యాక్టివ్ డ్యూటీ గురించి మాత్రమే. మిగతా నాలుగేళ్లూ ఆయన పేరు ఇండివిడ్యువల్ రెడీ రిజర్వు అనే జాబితాలో ఉంటుంది. అక్కడ డ్రిల్ ఉండదు, జీతం ఉండదు, అవసరమైతే పిలుస్తారన్న సంగతి తప్ప ఇంకేమీ ఉండదు. చాలామంది ఆ జాబితాలో ఉన్నామనే మర్చిపోతారు. క్యాలెండర్ సర్వీసు మాత్రం నడుస్తూనే ఉంటుంది.

సబ్‌మెరైన్ రిజర్వు ఒకప్పుడు ఎలా ఉండేది

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికా దగ్గర డీజిల్ సబ్‌మెరైన్లు కుప్పలుగా మిగిలాయి, వాటిని నడిపిన కుర్రాళ్లు ఊళ్లకి వెళ్లి ఉద్యోగాల్లో పడ్డారు. మళ్లీ యుద్ధమొస్తే వీళ్లే కావాలి కదా. అందుకని నేవీ పాత బోట్లని లోపలి రాష్ట్రాల ఊళ్లకి లాక్కొచ్చి ఒడ్డున కట్టేసి, వాటినే రిజర్వు సెయిలర్లకి క్లాసురూములుగా మార్చింది. షికాగోలో 1947 నుంచి యూఎస్ఎస్ సిల్వర్‌సైడ్స్, మిల్వాకీలో 1959 నుంచి యూఎస్ఎస్ కోబియా, క్లీవ్‌లాండ్‌లో అదే ఏడాది నుంచి యూఎస్ఎస్ కాడ్. సముద్రానికి వందల మైళ్ల దూరంలో, మంచినీటి సరస్సు ఒడ్డున, కదలని సబ్‌మెరైన్. ఫ్యాక్టరీలోనో బ్యాంకులోనో పనిచేసేవాళ్లు డ్రిల్ రోజున వచ్చి దాని గొట్టంలోకి దిగి, ఇంజిన్లు విప్పి, బిగించి, లైట్లు ఆర్పేసి ప్రాక్టీసు చేసి, మళ్లీ ఇంటికి వెళ్లేవాళ్లు. 1970ల మొదటికల్లా ఈ ఏర్పాటు ముగిసింది, ఈ మూడు బోట్లూ ఇప్పుడు మ్యూజియంలు. వీటిలో కాడ్ నాకు ప్రత్యేకంగా నచ్చుతుంది. మ్యూజియంగా మారిన మిగతా బోట్లకి సందర్శకుల కోసం పక్కన తలుపులు కోసి మెట్లు పెట్టారు, కాడ్‌కి మాత్రం ఒక్క కోత కూడా పెట్టలేదు. చూడ్డానికి వెళ్తే మీరూ యుద్ధకాలపు సెయిలర్లలాగే నిలువు నిచ్చెన పట్టుకుని హ్యాచ్‌లోంచి, అంటే పైన మూత ఉండే రంధ్రంలోంచి దిగాల్సిందే.

అణు బోట్లు వచ్చాక ఈ పద్ధతి పనికిరాకుండా పోయింది. రియాక్టర్ దగ్గర డ్యూటీ చేసేవాడు రోజూ ఆ పనిలోనే ఉండాలి, చేయి ఆడకపోతే అర్హత పోతుంది. నెలకో శనివారం వచ్చేవాళ్లతో బోటు నడపడం కుదరదు. అందుకే ఈ రోజు నేవీ సబ్‌మెరైన్ రిజర్వులో ఉన్నానని ఎవరైనా అంటే ఆయన మునిగే బోటులో పనిచేస్తున్నాడని అనుకోకూడదు. సబ్‌మెరైన్లకి మరమ్మతు చేసే టెండర్ షిప్‌ల దగ్గర సాయం చేస్తుండొచ్చు, ఒడ్డున కమాండ్ సెంటర్‌లో వాచ్ చేస్తుండొచ్చు, లేదా శాన్ డియేగోలోని అండర్‌సీ రెస్క్యూ కమాండ్‌లో ఉండొచ్చు. ఈ చివరిది నిజంగా ఆసక్తి కలిగించే చోటు. సముద్రం అడుగున చిక్కుకుపోయిన బోటు మీదికి ఫాల్కన్ అనే రక్షణ మాడ్యూల్‌ని దించి, హ్యాచ్‌కి అతికించి, ఒక్కో ట్రిప్పుకి 16 మందిని పైకి తెచ్చే పని వీళ్లది. 2017 నవంబరులో అర్జెంటీనా సబ్‌మెరైన్ సాన్ హువాన్ గల్లంతైనప్పుడు ఈ యూనిట్‌నే విమానాల్లో అక్కడికి పంపారు. ఇలాంటి రక్షణ వాహనాలు మన నేవీకి కూడా 2018 నుంచి ఉన్నాయి, ఒకటి ముంబైలో, రెండోది విశాఖలో.

అయితే ఇలాంటి పోస్టులు దొరికేది కొన్ని ఊళ్లలోనే. గ్రాటన్‌కో శాన్ డియేగోకో దూరంగా, ఒహాయోలోనో విస్కాన్సిన్‌లోనో స్థిరపడ్డ మాజీ సబ్‌మెరైన్ సెయిలర్‌కి తన పనికి సరిపడే రిజర్వు పోస్టు దగ్గర్లో దొరకడం కష్టం. కోస్ట్ గార్డ్ స్టేషన్లు మాత్రం మహాసముద్రాల ఒడ్డునే కాదు, గ్రేట్ లేక్స్ చుట్టూ, మిసిసిపీ, ఒహాయో నదుల మీద కూడా ఉన్నాయి. నీళ్లు, ఇంజిన్లు తెలిసినవాడికి ఇంటి దగ్గర్లో ఇంతకంటే మంచి దారి ఏముంటుంది.

కోస్ట్ గార్డ్ ఎవరి కిందికి వస్తుంది

ఇక్కడే సగంమంది తికమకపడతారు. మన దేశంలో కోస్ట్ గార్డ్ రక్షణ శాఖ కిందే ఉంటుంది. అమెరికా కోస్ట్ గార్డ్ సాయుధ దళమే అయినా రక్షణ శాఖలో లేదు. 1790లో కస్టమ్స్ సుంకాలు ఎగ్గొట్టేవాళ్లని పట్టుకోవడానికి ట్రెజరీ (ఆర్థిక శాఖ) కింద అప్పటి ట్రెజరీ మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ పెట్టించిన పడవల దళం దీనికి మూలం. 1915లో ప్రాణరక్షక సర్వీసుతో కలిసి కోస్ట్ గార్డ్ అయింది, 1967లో రవాణా శాఖకి, 2003లో హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ (దేశంలోపలి భద్రత) శాఖకి మారింది. పెద్ద యుద్ధమొస్తే నేవీ కిందికి వెళ్తుంది, రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ వెళ్లింది.

ఈ తేడా కాగితాలకే పరిమితం కాదు, జేబు మీద కూడా పడుతుంది. 2018 డిసెంబరు 22 నుంచి 35 రోజులు సాగిన ప్రభుత్వ షట్‌డౌన్‌లో రక్షణ శాఖకి అప్పటికే బడ్జెట్ పాసైపోయింది కాబట్టి నేవీ వాళ్లకి జీతాలు పడ్డాయి, హోమ్‌ల్యాండ్‌కి పాసవలేదు కాబట్టి 2019 జనవరి 15న కోస్ట్ గార్డ్ వాళ్లకి జీతం పడలేదు. ఒకే రేవులో పక్కపక్కన డ్యూటీ చేస్తున్న ఇద్దరిలో ఒకరికి జీతం, ఒకరికి అప్పు.

కోస్ట్ గార్డ్ రిజర్వు 1941 ఫిబ్రవరి 19 నాటి చట్టంతో పుట్టింది. అదే చట్టంలో ఆగ్జిలరీ అని ఇంకొకటి ఉంది, అది జీతంలేని పౌర వాలంటీర్ల సంఘం, సైనికులు కారు. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడేవాళ్లు అమెరికన్లలో కూడా బోలెడుమంది. యుద్ధకాలంలో కోస్ట్ గార్డ్‌లో పనిచేసినవాళ్లలో ఎక్కువమంది రిజర్వు వాళ్లే, 1942 నవంబరులో మొదలైన స్పార్స్ అనే మహిళా విభాగం కూడా రిజర్వులో భాగమే. ఇప్పుడు మాత్రం చాలా చిన్న దళం, డ్రిల్ చేసే సెలెక్టెడ్ రిజర్వుకి పార్లమెంటు అనుమతించిన సంఖ్య కొన్నేళ్లపాటు 7,000గానే ఉంది.

1990ల మధ్యలో ఇంకో పెద్ద మార్పు వచ్చింది. అంతకుముందు రిజర్వు యూనిట్లు విడిగా ఉండేవి, వాళ్ల కమాండరు వాళ్లకి, వాళ్ల హాలు వాళ్లకి. వాటిని చాలావరకు రద్దు చేసి రిజర్వు వాళ్లని నేరుగా యాక్టివ్ స్టేషన్లలోకి కలిపేశారు. అప్పటినుంచి రిజర్వు కాక్స్‌వెయిన్ (పడవ నడిపేవాడు) శనివారం వచ్చాడంటే నిజంగానే రక్షణ పడవ నడపడానికి వచ్చినట్టు. విదేశాల్లో రేవుల్ని కాపాడే పోర్ట్ సెక్యూరిటీ యూనిట్లు మాత్రం ఇప్పటికీ రిజర్వు వాళ్లతోనే నిండి ఉంటాయి, 1990లో గల్ఫ్‌కి మొదటిసారి వెళ్లాయి.

కోస్ట్ గార్డ్ రిజర్వుకి మాత్రమే ఉన్న ఒక ప్రత్యేకత చూడండి. తుపానో వరదో వస్తే, యుద్ధంతో సంబంధం లేకుండా, హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ మంత్రి తన సంతకంతో వీళ్లని తప్పనిసరి డ్యూటీకి పిలవొచ్చు. నాలుగు నెలల్లో 60 రోజులు, రెండేళ్లలో 120 రోజులు మించకూడదు. 2005లో కత్రినా తుపాను, 2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ చమురు ప్రమాదం, ఇలాంటి సమయాల్లో పిలుపులు వెళ్లాయి. పైగా కోస్ట్ గార్డ్‌కి పోలీసు అధికారాలున్నాయి. ఓడ ఆపి తనిఖీ చేయడం, అరెస్టు చేయడం నేవీ సెయిలర్ చేయలేడు, కోస్ట్ గార్డ్ వాడు చేయగలడు. నిన్నటిదాకా ఎవరికీ కనిపించకుండా ఉండటమే డ్యూటీ అనుకున్న సబ్‌మెరైన్ మనిషి, ఇప్పుడు నీలం లైటు వేసుకుని పడవల్ని ఆపుతుంటాడు.

రెండు ప్రపంచాలూ కలిసే చోటు కూడా ఒకటుంది. జార్జియాలోని కింగ్స్ బే, వాషింగ్టన్ రాష్ట్రంలోని బ్యాంగర్ స్థావరాల నుంచి క్షిపణి సబ్‌మెరైన్లు బయటికి వెళ్లేటప్పుడు, తిరిగొచ్చేటప్పుడు నీటి పైన ఉన్నంతసేపూ వాటి చుట్టూ కాపలా పడవలు నడిపేది కోస్ట్ గార్డే. దానికోసం 2007లో ప్రత్యేక యూనిట్లు పెట్టారు, ఖర్చు నేవీది.

పాయింట్ల పుస్తకం

ఇప్పుడు అసలు చిక్కు. నేవీలోనైనా కోస్ట్ గార్డ్‌లోనైనా రిజర్వు వాళ్ల కాలాన్ని కొలిచే కొలబద్ద పాయింటు. యాక్టివ్ డ్యూటీలో ఒక రోజుకి ఒక పాయింటు. డ్రిల్ అంటే కనీసం నాలుగు గంటలు, దానికీ ఒక పాయింటే, కానీ ఒకే రోజు రెండు డ్రిల్స్ చేయొచ్చు. ఏమీ చేయకపోయినా సభ్యుడిగా ఉన్నందుకు ఏడాదికి 15 పాయింట్లు. ఏడాదిలో 50 పాయింట్లు వస్తే అది గుడ్ ఇయర్, రాకపోతే పెన్షన్ అర్హతకి ఆ ఏడాది లేనట్టే. అలాంటివి 20 కూడితే పెన్షన్‌కి అర్హుడివని చెప్పే లెటర్ వస్తుంది.

ఇందాకటి ఒక్క పాయింటు సంగతి గుర్తుందా. అట్లాంటిక్ అడుగున 24 గంటలూ గడిపినవాడికి ఒక పాయింటు, శనివారం పొద్దున తొమ్మిదింటికి వచ్చి సాయంత్రం ఇంటికి వెళ్లి పిల్లలతో భోంచేసినవాడికి రెండు. జీతమూ అంతే, డ్రిల్‌కి ఒక రోజు బేసిక్ పే చొప్పున, ఒక వీకెండ్‌కి నాలుగు రోజుల బేసిక్. దీన్ని చూసి యాక్టివ్ వాళ్లు గొణుక్కోవడం మామూలే. కానీ యాక్టివ్ వాళ్లకి ఇంటి అద్దె భత్యం, వైద్యం, ఏడాదికి 30 రోజుల సెలవు ఉన్నాయి, డ్రిల్ రోజున ఇవేవీ రావు. ఈ వ్యవస్థ కొలిచేది హాజరుని, కష్టాన్ని కాదు. నా ఉద్దేశంలో ఇది తెలిసి చేసిన ఏర్పాటే. కష్టాన్ని తూచబోతే ఏ రెండు దళాలూ ఎప్పటికీ ఒప్పుకోవు.

ఒక ఊహా మనిషిని తీసుకుని లెక్క వేద్దాం. 19 ఏళ్లకి, 1986 జూన్‌లో నేవీలో చేరాడు. నాలుగేళ్లు సబ్‌మెరైన్లలో యాక్టివ్, లీపు రోజుతో కలిపి 1,461 పాయింట్లు, నాలుగు గుడ్ ఇయర్స్. 1990 నుంచి 1992 దాకా జాబితాలో పేరు మాత్రమే, ఏటా 15 చొప్పున 30 పాయింట్లు. ఆ రెండేళ్లు అర్హతకి రావు, పాయింట్లు మాత్రం మొత్తంలో కలుస్తాయి. 1992లో కోస్ట్ గార్డ్ రిజర్వు. ఏటా 48 డ్రిల్స్, 12 రోజుల ట్రైనింగ్, 15 సభ్యత్వ పాయింట్లు, మొత్తం 75 రావాలి. రాలేదు. 1996 సెప్టెంబరుకి ముందు ముగిసిన సంవత్సరాల్లో యాక్టివ్ డ్యూటీ కాని పాయింట్లకి 60 పరిమితి ఉండేది, 48కి 15 కలిపితే 63 కాబట్టి మూడు పోయాయి. అలా మొదటి నాలుగేళ్లకి ఏటా 72, అంటే 288. ఆ పరిమితిని తర్వాత 75కి, 2000లో 90కి, 2007లో 130కి పెంచారు. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత రేవుల భద్రతకి పిలిచి ఒక ఏడాదంతా ఉంచేశారనుకుందాం, 365. మిగతా 11 ఏళ్లకి 75 చొప్పున 825. 2008 జూన్‌కి మొత్తం 2,969.

పెన్షన్ లెక్కలో 360 పాయింట్లు ఒక ఏడాది, కాబట్టి దాన్ని 360తో భాగిస్తే 8.25 ఏళ్లు. ఏడాదికి 2.5 శాతం చొప్పున 20.6 శాతం. అంటే లెక్కలోకి తీసుకునే బేసిక్ పే నెలకి 5,000 డాలర్లు అనుకుంటే పెన్షన్ సుమారు 1,030 డాలర్లు. 2018 నుంచి చేరినవాళ్లకి ఈ 2.5 కాస్తా 2 శాతమైంది, బదులుగా పొదుపు ఖాతాలో ప్రభుత్వం కొంత జమచేస్తుంది. క్యాలెండర్‌లో 22 ఏళ్లు, గుడ్ ఇయర్స్ 20, పెన్షన్‌కి ఎనిమిదింపావు. డ్యూటీకి హాజరైన రోజులు కూడితే, డ్రిల్ రోజులు 360 కలుపుకుని, 2,366. అది ఆరున్నరేళ్లు. నాలుగూ నిజమే.

ఈ మనిషి 2008లో మానేసేసరికి వయసు 41. పెన్షన్ మొదలయ్యేది 2027లో. మధ్యలో ఉన్న ఈ 19 ఏళ్లని వాళ్లు గ్రే ఏరియా అంటారు. నెలనెలా వచ్చేదేమీ లేదు, సైనిక వైద్య బీమా కావాలంటే పూర్తి ప్రీమియం సొంతంగా కట్టుకోవాలి. 20 ఏళ్లూ యాక్టివ్‌లో చేసినవాడికైతే మానేసిన మర్నెల నుంచే పెన్షన్.

ఇక్కడ నాకు సబబుగా అనిపించని నియమం ఒకటుంది. యుద్ధ సమయంలో లేదా జాతీయ ఎమర్జెన్సీలో పిలిస్తే, చేసిన ప్రతి 90 రోజుల డ్యూటీకి పెన్షన్ వయసు మూడు నెలలు తగ్గుతుంది, 50 దాకా. బాగానే ఉంది. కానీ ఇది 2008 జనవరి 28 తర్వాత చేసిన డ్యూటీకే. 2001లో పిలిచినవాళ్లు, 2003లో ఇరాక్ వెళ్లినవాళ్లు, వీళ్ల రోజులకి ఆ తగ్గింపు లేదు. మన ఊహా మనిషి రేవుల్లో గడిపిన ఏడాది వల్ల ఆయనకి పాయింట్లు పెరిగాయి, వయసులో ఒక్క రోజు తగ్గలేదు. దీన్ని సరిచేయాలని రిజర్వు సంఘాలు ఏళ్లుగా అడుగుతూనే ఉన్నాయి.

వెటరనా, కాదా

పెన్షన్ ఒక చట్టం, వెటరన్ హోదా ఇంకో చట్టం. యాక్టివ్ సర్వీసు ఉండి, అవమానకరంగా కాకుండా విడుదలైతే వెటరన్. మన సబ్‌మెరైన్ మనిషికి ఈ గొడవ లేదు, నాలుగేళ్ల యాక్టివ్ సర్వీసు చూపించే డీడీ-214 కాగితం చేతిలో ఉంది. కానీ మొదటినుంచీ రిజర్వులోనే చేరి, ట్రైనింగ్, డ్రిల్స్ తప్ప పిలుపు రాక 20 ఏళ్లు గడిపినవాడు పెన్షన్‌కి అర్హుడయ్యాడు గానీ చట్టంలో వెటరన్ కాలేదు. 2016 డిసెంబరులో వచ్చిన చట్టం అలాంటివాళ్లని వెటరన్లుగా గౌరవించాలంది, దానివల్ల కొత్త ప్రయోజనం ఏదీ రాదని అదే చోట రాసింది కూడా. వెటరన్స్ డే అయిన నవంబరు 11న లేచి నిలబడి చప్పట్లు అందుకోవడానికి పనికొస్తుంది.

గాయాల విషయంలో తేడా ఇంకా సన్నగా ఉంటుంది. రెండు వారాల ట్రైనింగ్‌లో ఉండగా జబ్బు చేసినా, గాయమైనా సర్వీసు ఖాతాలో పడుతుంది. వీకెండ్ డ్రిల్‌లోనైతే గాయం మాత్రమే పడుతుంది, జబ్బుల్లో గుండెపోటు, గుండె ఆగిపోవడం, పక్షవాతం, ఈ మూడే. ఇంజిన్ రూముల్లో చెవులు పోగొట్టుకున్నవాడికి ఏ డ్యూటీలో ఏది జరిగిందో పాతికేళ్ల తర్వాత విడదీసి చూపించడం నరకం. అందుకే సబ్‌మెరైన్ రోజుల వైద్య రికార్డుల కాపీలు పారేయకూడదని అనుభవజ్ఞులంతా చెబుతారు.

దళం మారేటప్పుడు కూడా కాగితాలదే రాజ్యం. డ్రిల్ చేస్తున్న రిజర్వు నుంచి ఇంకో దళానికి వెళ్లాలంటే ముందు పాత దళం డీడీ-368 అనే ఫారం మీద ఒప్పుకోవాలి. హోదా అలాగే ఉంటుందన్న గ్యారంటీ లేదు. బోటులో యంత్రాలు చూసుకునే మెషినిస్ట్స్ మేట్‌గా చేసినవాడికి కోస్ట్ గార్డ్‌లో మెషినరీ టెక్నీషియన్ పని దగ్గరగా ఉంటుంది, సోనార్ మీదే బతికినవాడు మాత్రం కొత్త పని మొదటినుంచి నేర్చుకోవాలి. ఆఖరున ఏ దళం నుంచి రిటైరైతే పెన్షన్ మొత్తం ఆ దళమే ఇస్తుంది, నేవీలో చేసిన రోజులతో సహా. నేవీ వాళ్ల పెన్షన్ క్లీవ్‌లాండ్ ఆఫీసు నుంచి నడుస్తుంది, కోస్ట్ గార్డ్ వాళ్లది కాన్సస్‌లోని టొపీకా నుంచి. కాబట్టి ఆ నాలుగేళ్ల సబ్‌మెరైన్ రోజులు టొపీకా పుస్తకంలోకి ఎక్కాయా లేదా అన్నది ఆయనే చూసుకోవాలి. ఎక్కకపోతే పోయేది 1,461 పాయింట్లు, అంటే మొత్తంలో దాదాపు సగం.

20 గుడ్ ఇయర్స్ నిండిన లెటర్ వచ్చాక ఇంకో రెండు నిర్ణయాలున్నాయి, రెండూ చిన్నవిగా కనిపించి పెద్ద నష్టం చేయగలవు. కుటుంబ పెన్షన్ గురించి 90 రోజుల్లో తేల్చి చెప్పాలి. 60 వచ్చాక చూద్దాంలే అని వాయిదా వేసుకుని ఆలోపే పోతే భార్యకి ఆ పెన్షన్ ఏమీ రాదు, అందుకే వాయిదాకి ఇప్పుడు ఆమె సంతకం కూడా అడుగుతున్నారు. రెండోది, పూర్తిగా డిశ్చార్జి అయిపోవడమా, రిటైర్డ్ రిజర్వు జాబితాలో ఉండిపోవడమా అన్నది. జాబితాలో ఉన్నవాడికి ఎప్పుడైనా పిలుస్తారేమో అనే చిన్న భయం ఉంటుంది, కానీ 60 ఏళ్లప్పుడు అమల్లో ఉన్న జీతాల పట్టిక ప్రకారం పెన్షన్ కడతారు. డిశ్చార్జి తీసుకున్నవాడికి బయటికొచ్చిన నాటి జీతాల మీదే కడతారు. 2008లో బయటపడ్డ మనిషికి 2008 పట్టికే, 2027లో కూడా.